మనిషి సగమై ఉంటే కదా, పూర్తి చేయడానికి!

కృత్రిమ అవయవాల పంపిణీ శిబిరం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్తకు ఒక మూస ఉంది. వెనక ఫ్లెక్సీ, వేదిక మీద కుర్చీల వరుస, ముందు కొత్త కాలు తొడుక్కుని తడబడుతూ నిలబడ్డ లబ్ధిదారు, ఆయన భుజం మీద దాతగారి చెయ్యి. శీర్షిక ఏదైనా సారాంశం ఒకటే. నిన్నటిదాకా అవిటిగా పడి ఉన్న మనిషి జీవితంలో వెలుగు నిండింది, ఆత్మవిశ్వాసం తిరిగొచ్చింది, మళ్ళీ మామూలు మనిషయ్యాడు. ఇంత రాసిన విలేకరి ఆ మనిషిని అడగని ప్రశ్న ఒకటుంది: ఇంటికెళ్ళాక ఆ కాలు ఎక్కడ పెడతావు?

తలుపు మూల నిలబెడతాడు. లేదంటే మంచం కిందికి తోస్తాడు. లుంగీ కట్టుకుని, రోజంతా ఒరుసుకుపోయిన మొండి కాలికి కాస్త కొబ్బరినూనె రాసుకుని, గోడ పట్టుకుని గెంతుతూ పెరట్లోకి వెళ్ళొస్తాడు. అలా గెంతేటప్పుడు తన ఒళ్ళు తనకు సగంగా కనిపిస్తోందని ఆయన ఎవరితోనూ అనలేదు. అన్నదంతా చూసేవాళ్ళే.

చూసేవాళ్ళ మాటే లోకం మాటైపోయింది. కాలో చెయ్యో పోయినవాళ్ళు తమను తాము అసంపూర్ణులుగా భావించుకుంటారనీ, కృత్రిమ అవయవం ఆ వెలితిని పూడుస్తుందనీ, అది తన ఒంట్లో భాగమే అనిపించిన రోజున అంతా చక్కబడినట్టేననీ బంధువులు ఓదారుస్తారు, వైద్యులు భరోసా ఇస్తారు, సినిమాలు చూపిస్తాయి, ఖరీదైన బయోనిక్ చేతులు అమ్మే కంపెనీలు ప్రకటనల్లో వల్లిస్తాయి. వినడానికి దయగా ఉన్న మాట గనక దీన్ని ఎదిరించి మాట్లాడేవాళ్ళు తక్కువ. కానీ అవయవం పోయినవాళ్ళ అనుభవంతోనూ, వాళ్ళ మీద జరిగిన పరిశోధనలతోనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నిలబడదు.

వెలితి సంగతే ముందు చూద్దాం. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలస్ వెయిర్ మిచెల్, వాళ్ళలో చాలామంది లేని కాలు ఉన్నట్టే చెప్పడం విన్నాడు. దానికి 1871లో ఆయన పెట్టిన పేరే ఫాంటమ్ లింబ్. అంతకుముందు 1797లో టెనెరిఫ్ దగ్గర యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్‌కు కూడా ఆ చేతి వేళ్ళు తెలుస్తూనే ఉండేవట. చెయ్యి పోయాక కూడా ఉనికి మిగిలిందంటే ఆత్మ ఉన్నట్టేనని ఆయన వాదించాడు. ఆత్మ సంగతి అటుంచితే, మెదడు సంగతి ఇప్పుడు బాగానే తెలుసు. చెయ్యి తీసేయాల్సి వచ్చిన ముగ్గురిని ఆపరేషన్‌కు ముందూ, తర్వాత కొన్నేళ్ళ పాటూ స్కాన్ చేసిన అధ్యయనం ఒకటి 2025లో వెలువడింది. తీసేసిన చేతికి మెదడులో ఉన్న పటం చెరగలేదు, పక్కనున్న భాగాలు వచ్చి ఆక్రమించుకోనూ లేదు. వేళ్ళు కదపమంటే లేని వేళ్ళ చోటు మునుపటిలాగే పలికింది.

లోటు ఉంటుందని అందరూ అనుకునే చోట చాలామందికి ఉండేది అదనపు ఉనికి అన్నమాట. అదేమీ ఎప్పుడూ సుఖం కాదు. లేని పిక్క పట్టేస్తుంది, లేని అరికాలు దురద పెడుతుంది, లేని పిడికిలి బిగుసుకుపోయి తెల్లవార్లూ నిద్ర పట్టనివ్వదు. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో పెట్టెలో అద్దం నిలబెట్టి, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి చోట చూపించి, కొందరికి ఆ బిగిసిన పిడికిలి సడలేలా చేశాడు. ఖాళీగా ఉన్నచోట నొప్పేమిటని అడిగేవాళ్ళకు ఆ అద్దం పెట్టె చాలా చెబుతుంది.

ఇంకా విచిత్రమైన సంగతి ఆలివర్ శాక్స్ రాశాడు. ఆయన చెప్పిన ఒక రోగి పొద్దున్నే తొడ మొండిని పైకి మడిచి అరచేత్తో గట్టిగా చరుస్తాడు. ఐదారు దెబ్బలకు లేని కాలు చటుక్కున సాగి బయటికొస్తుంది. ఆ తర్వాతే కృత్రిమ కాలు తొడుక్కుని నడుస్తాడు. ఆ ఫాంటమ్ మేల్కోకపోతే నడక సాగదు. కృత్రిమ కాలు వచ్చి మనిషిలోని ఖాళీని నింపిందని కదా లోకం నమ్మకం? ఇక్కడ జరిగింది తలకిందులు. బోలుగా ఉన్న ఆ కాలిని నింపింది, అందరూ లేదంటున్న కాలే.

ఇక అవయవం అమర్చగానే మనిషి పూర్తవుతాడన్న మాట. దీన్ని దశాబ్దాల క్రితమే జైపూర్‌లో రోగులు కొట్టిపారేశారు. సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ 1960లలో ఒక వింత గమనించాడు. పాశ్చాత్య పద్ధతిలో చేసిన కాలు తీసుకెళ్ళిన రోగులు కొన్నాళ్ళకు కర్రల మీద తిరిగొచ్చేవాళ్ళు. కాలు ఏదంటే ఇంట్లో పడేశామనేవాళ్ళు. చూడ్డానికి దానికి వంక లేదు, బూటు తొడిగితే అచ్చం కాలే. కానీ బూటు లేకుండా పనికిరాదు. చీలమండ వంగదు గనక గొంతుక్కూర్చోలేరు, బాసీపట్టు వేసుకుని భోజనానికి కూర్చోలేరు, బురద మడిలో దిగలేరు, గుడిలోకి పోలేరు. నేల మీద బతికే మనిషికి కుర్చీ మీద బతికే మనిషి కాలు తగిలించారు మరి.

వాళ్ళకు కృతజ్ఞత లేదనో, మొండివాళ్ళనో, చదువులేనివాళ్ళనో ఎవరైనా అని ఊరుకోవచ్చు. సేఠీ అలా అనుకోలేదు. ఆసుపత్రిలో చేతిపనులు నేర్పే రామచంద్ర శర్మ అనే శిల్పి ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు గానీ చేతిలో పని ఉన్నవాడు. ఆయన రబ్బరు పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి, టైర్లకు వాడే రబ్బరును ఉడికించి అచ్చులో పోసి, బూటు అక్కర్లేని, అన్నివైపులా వంగే, వేళ్ళు కూడా కనిపించే గోధుమరంగు పాదం తయారుచేశాడు. జైపూర్ పాదం అదే. దాంతో చెట్టెక్కేవాళ్ళు ఎక్కారు, రిక్షా తొక్కేవాళ్ళు తొక్కారు, నాట్లేసేవాళ్ళు మళ్ళీ మళ్ళలో దిగారు. సేఠీకి 1981లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మొదటి కాలు మూలన పడేసినవాళ్ళూ, రెండోది తొడుక్కుని పొలం వెళ్ళినవాళ్ళూ ఒకే తరహా మనుషులు. రెండుసార్లూ వాళ్ళు అడిగింది ఒకటే: దీంతో నా పని నేను చేసుకోగలనా? తమ శరీరం ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు. తెలియనిది కాలు చేసినవాళ్ళకు.

తెలుగువాళ్ళకు జైపూర్ పాదం గురించి నేర్పింది మాత్రం సినిమా. 1981 మేలో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడి, కుళ్ళిన కాలు తీసేయించుకోవాల్సి వచ్చిన టీనేజీ నర్తకి సుధా చంద్రన్ కథను ఉషాకిరణ్ మూవీస్ 'మయూరి'గా తీసింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు. ఆ పాత్ర ఆమే వేసింది, జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ బహుమతి అందుకుంది. హాల్లో కన్నీళ్ళు పెట్టుకున్న తరం బయటికి పట్టుకొచ్చింది మాత్రం ఒక్కటే: కాలు దొరికింది, కల నెరవేరింది. ప్రమాదానికీ, 1984 జనవరిలో ముంబైలో ఆమె మళ్ళీ వేదికెక్కడానికీ మధ్య రెండున్నరేళ్ళకు పైగా ఉన్నాయి. నాట్యం కాలితో పాటు జైపూర్ నుంచి రాలేదు. చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిన అడుగుల్ని తీసుకెళ్ళి ఆ రబ్బరుకు, అల్యూమినియానికి ఆమే నేర్పింది. మెచ్చుకోలు మొత్తం కాలికీ, దాని వెనక సంకల్పబలానికీ పంచేసి, నేర్చిన ఒంటికి ఏమీ మిగల్చకపోవడం అన్యాయం.

అదే సుధా చంద్రన్ 2021 అక్టోబరులో ఒక వీడియో పెట్టింది. ప్రతి విమానాశ్రయంలోనూ భద్రతా సిబ్బంది కాలు విప్పి చూపించమంటున్నారనీ, పేలుడు పదార్థాల జాడ పట్టే యంత్రంతో పరీక్షించమంటే వినడం లేదనీ, ఒక ప్రత్యేక కార్డు ఇవ్వమనీ నేరుగా ప్రధానిని అడిగింది. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, భద్రతా తనిఖీ పేరుతో కృత్రిమ అవయవాలు విప్పించడం మానవ గౌరవానికి తగదని వ్యాఖ్యానించింది. దాదాపు నలభై ఏళ్ళుగా వేదిక మీద ఆమె కాలిని చూసి చప్పట్లు కొట్టిన దేశమే, స్కానర్ దగ్గర దాన్ని బెల్టూ బూట్ల పక్కన ట్రేలో పెట్టమంది.

ఇక్కడ ఎదుటి పక్షం లేచి, చూశారా, ఆమె దాన్ని తన ఒళ్ళే అనుకుంటోంది గనకే కదా బాధపడింది, మేమన్నదీ అదే అనవచ్చు. అంత తేలిక కాదు. రాత్రి తనంతట తాను విప్పి మూల పెట్టే కాలు అదే. పరాయి చెయ్యి విప్పమన్నప్పుడు మాత్రం అది ఒళ్ళు. కట్టుకున్న బట్ట ఎవరి ఒంట్లోనూ పుట్టలేదు, అయినా నడివీధిలో తీయమంటే ఎవరూ ఊరుకోరు. ఒక వస్తువు ఒంటిలో భాగమా కాదా అన్న ప్రశ్నకు రోజంతా చెల్లే ఒకే జవాబు ఉంటుందనుకోవడంలోనే పొరపాటుంది. పొలం గట్టు మీద కాలు, మధ్యాహ్నానికి బరువు, స్నానాల గదిలో అడ్డు, పెళ్ళిలో అలంకారం. ఒకే మనిషికి, ఒకే రోజున.

శాస్త్రవేత్తలు కూడా కొన్నాళ్ళు ఈ సొంతం అనిపించడం చుట్టూనే తిరిగారు. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు, రబ్బరు చేతిని ఎదురుగా పెట్టి, కనిపించకుండా దాచిన అసలు చేతినీ దాన్నీ ఒకేసారి కుంచెతో నిమిరితే, చూస్తున్న మనిషికి రబ్బరు చెయ్యే తనదనిపిస్తుందని చూపించారు. ఇంకేం, కృత్రిమ చేతిని మెదడు చేత చెయ్యి అని ఒప్పిస్తే చాలు, మిగతా సమస్యలన్నీ తీరిపోతాయన్న ఆశ పుట్టింది. ఆ ఆశను పరీక్షకు పెట్టినవాళ్ళలో బ్రిటన్‌లోని టామర్ మేకిన్ బృందం ముఖ్యమైనది. ఒక చెయ్యి లేనివాళ్ళకు స్కానర్‌లో చేతుల బొమ్మలు, పనిముట్ల బొమ్మలు, కృత్రిమ చేతుల బొమ్మలు చూపించి 2020లో ఫలితం ప్రచురించారు. నిత్యం వాడేవాళ్ళ మెదడు కృత్రిమ చేతిని చేతులతో కలపలేదు, పనిముట్లతోనూ కలపలేదు. ఎంత ఎక్కువగా వాడితే అంత విడిగా, దానికంటూ ఒక గది కట్టింది. బాగా అలవాటైనవాళ్ళకే అది 'చెయ్యి' కావడం మానేసిందంటే, చెయ్యి అనిపించడమే గెలుపు అని కొలబద్ద పెట్టుకున్నవాళ్ళు కాస్త ఆగి ఆలోచించాలి.

ఈ కొలబద్ద ఎంత పెడదారి పట్టించగలదో థాలిడోమైడ్ పిల్లల కథ చూస్తే తెలుస్తుంది. గర్భిణులకు వేవిళ్ళకు కూడా వాడిన ఆ మందు 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961 చివర్లో ఉపసంహరించేలోగా పలు దేశాల్లో వేలమంది పిల్లలు పొట్టి చేతులతోనో చేతులే లేకుండానో పుట్టడానికి కారణమైంది. ప్రభుత్వాలకు తప్పు చేసిన బాధ, ఇంజనీర్లకు ఉత్సాహం. గ్యాస్ పీడనంతో కదిలే చేతులు చేసి, పసివాళ్ళ ఒంటికి పట్టీలతో బిగించారు. బరువు, చప్పుడు, ఉక్కపోత. పిల్లల్లో చాలామంది అవి విప్పి అవతల పారేసి, పాదాలతో అన్నం తిన్నారు, పాదాలతో బొమ్మలు వేశారు. వాళ్ళు పుట్టిందే ఆ ఒంటితో. పోగొట్టుకున్నది ఏమీ లేదు తిరిగి తెచ్చుకోవడానికి. చేతులు కనిపించాలన్న ఆరాటమంతా పెద్దవాళ్ళది. 2007లో బిడిస్, చౌ అనే పరిశోధకులు పాతికేళ్ళ అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూస్తే, కరెంటుతో పనిచేసే కృత్రిమ చేతుల్ని పిల్లల్లో సగటున 35 శాతం, పెద్దల్లో 23 శాతం తిరస్కరించారు. తీగలూ పట్టీలతో కదిలేవాటికి ఆ లెక్క 45, 26. వీళ్ళందరికీ ఆత్మవిశ్వాసం కరువైందంటే ఎవరు నమ్ముతారు?

మాళవికా అయ్యర్‌ను చూస్తే ఈ విషయం ఇంకా దగ్గరగా తెలుస్తుంది. 2002లో, పదమూడేళ్ళప్పుడు, బికనీర్‌లో గ్రెనేడ్ పేలి రెండు చేతులూ పోయాయి. హడావుడిగా కుట్లు వేసిన డాక్టర్లు కుడి మొండి చివర ఒక ఎముకను కండ కప్పకుండా వదిలేశారు. ఎక్కడైనా తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. కానీ వైద్యుల పొరపాటు వల్ల మిగిలిన ఆ ఎముకే తన ఒకే ఒక్క వేలు అంటుందామె. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం దాంతోనే టైప్ చేసింది. డాక్టరు కళ్ళకు అది సరిచేయాల్సిన లోపం, చూసేవాళ్ళకు చూపు తిప్పుకోవాల్సిన మొండి. ఆమెకు వేలు.

కనిపించడం గురించి ఒక మాట ఒప్పుకోవాలి. మగవాళ్ళు ప్యాంటు కింద, ఆడవాళ్ళు కుచ్చిళ్ళ కింద కాలిని దాచుకుంటారు. చేతికైతే రంగు కలిసే సిలికాన్ తొడుగు అడుగుతారు, పెళ్ళిచూపులకైతే మరీను. నిజమే. దాన్ని తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అడగాలి. 1978లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, అది పెట్టుకోకపోతే ఇక్కడికి వచ్చే మిగతా ఆడవాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించింది. ఈ సంఘటనను 1980 నాటి తన క్యాన్సర్ డైరీల్లో ఆమె రాసింది. ఆ నర్సు మాటలో లార్డ్ ఆరోగ్యం ఊసే లేదు. ఉన్నదంతా గదిలో కూర్చున్న వాళ్ళ సౌకర్యమే. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఐమీ ముల్లిన్స్ ఉంది. ఏడాది వయసులో మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ తీసేసిన ఈ క్రీడాకారిణి 1998లో లండన్‌లో అలెగ్జాండర్ మెక్వీన్ ఫ్యాషన్ ప్రదర్శనలో చెక్కిన కలప కాళ్ళతో నడిచింది. చాలామంది అవి బూట్లనుకున్నారు. డజను జతల కాళ్ళున్న ఆమె ఎత్తు కూడా మార్చుకోగలదు. దాచుకునేవాళ్ళూ, పెట్టుకోననేవాళ్ళూ, ప్రదర్శించేవాళ్ళూ ముగ్గురూ తమ ఒంటి గురించి తాము తీర్మానించుకున్నవాళ్ళే. 'పూర్తి మనిషి' సిద్ధాంతంలో మొదటివాళ్ళకు ఒక్కళ్ళకే చోటుంది.

స్ఫూర్తి కథల బెడద ఇంకొకటి. 2011లో రైల్లోంచి తోసేస్తే కాలు పోయిన అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్ట్ ఎక్కింది. గొప్ప సంగతే. ఆ కథ చెప్పి, షుగరుతో కాలు పోయిన అరవయ్యేళ్ళ పెద్దాయన్ని, ఆవిడ కొండెక్కింది, నువ్వు బజారుకెళ్ళలేవా అని దెప్పితే అది క్రూరత్వం. 2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పీవీ సింధు ప్రపంచ విజేత అయిన అదే వారంలో, హైదరాబాద్‌లో అదే గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందిన మానసి జోషి పారా బ్యాడ్మింటన్‌లో ప్రపంచ విజేత అయింది. ఒకరికి ఊరేగింపులు. రెండో ఆమె సంగతి దేశానికి కొద్ది రోజులు ఆలస్యంగా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా ఆమె డ్రాప్ షాట్ గురించి కంటే కాలు పోయిన లారీ ప్రమాదం గురించే ఎక్కువ రాశారు. కాలు లేకపోవడాన్ని ఆమె జయించిందట. ఆమె జయించింది నెట్‌కు అవతల నిలబడ్డ పారుల్ పర్మార్‌ను.

ఈ ప్రశంసలకు ఒక ఖర్చుంది, అది మోసేది కాలు పెట్టుకున్నవాళ్ళే. శిబిరంలో ఇప్పుడు నువ్వు అందరిలాంటివాడివే అంటారు. అదే మనిషి పింఛను కాగితాలతో వెళ్తే, బాగానే నడుస్తున్నావుగా అంటారు. విప్పి చూపిస్తే అయ్యో అంటారు. సదరం సర్టిఫికెట్ మీద ఒంటికి ఒక శాతం వేస్తారు, 40కి ఎగువనైతే ఒక లెక్క, దిగువనైతే ఒక లెక్క. పింఛనుకు ఏదో ఒక కొలత తప్పదు, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఆ అంకెను మనిషి తన గురించి తాను అనుకునేదానికి కూడా అంటగట్టడంతోనే పేచీ.

కాళ్ళు పంచొద్దని కాదు ఈ వాదన. ఇంకా పంచాలి, మంచివి పంచాలి. పూర్తి మనిషిని చేసేశామన్న సంబరంలో పడి అసలు పని వదిలేస్తున్నారన్నదే ఫిర్యాదు. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో మొండి భాగం వాపు తగ్గి సన్నబడుతూ పోతుంది. మొదట తీసిన కొలతకు చేసిన సాకెట్ వదులవుతుంది. ఒక సాక్సు, రెండు సాక్సులు వేసి సరిపెడతారు. ఆపైన లోపల కాలు జారి, చర్మం ఒరుసుకుని, పుండు పడుతుంది. షుగరున్నవాళ్ళకు ఆ పుండు మళ్ళీ ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్ళగలదు. కేంద్రం ఏడిప్ పథకం కింద ఒకసారి ఉపకరణం తీసుకుంటే అదే అవసరానికి మళ్ళీ మూడేళ్ళ దాకా ఇవ్వరు, పన్నెండేళ్ళలోపు పిల్లలకైతే ఏడాది. నెలల్లో మారే ఒంటికి ఏళ్ళ గడువు. కొలతలు తీసిన టెక్నీషియన్ శిబిరంతోపాటే వెళ్ళిపోయాడు, సాకెట్ సరిచేయించాలంటే ఏ వంద కిలోమీటర్లో పోవాలి, ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ళ కూలీ పోతుంది. కాలు అటకెక్కుతుంది. ఇన్ని కాళ్ళు పంచామని శిబిరం వార్తలో అంకె ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అందులో ఎన్ని ఇంకా తొడుక్కుంటున్నారో, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో కనుక్కుని రాసిన వార్త జిల్లా పేజీలో కనిపించడం అరుదు.